ఫాలిగ సముగం, జేడ్, పలుగురాయి: దిగువ కృష్ణా డెల్టాలో గట్టిరాతి పనితనం

1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపగర్భంలో కనుగొన్న మూడు రాతి మంజూషలు తెలుగు పరిశోధకులకు ప్రధానంగా లిపిచరిత్ర ఆధారాలు. క్రీస్తుపూర్వం 3, 2 శతాబ్దాలవిగా భావించే ఆ శాసనాలను జార్జ్ బ్యూలర్ పరిష్కరించిన నాటి నుండి చర్చ చాలావరకు అక్షరాల చుట్టూనే తిరిగింది. కుబిరక రాజు పేరు రాజకీయ చరిత్రకు దక్కింది. మంజూషలలోని వస్తువులు మాత్రం తవ్వకాల జాబితాలో మిగిలిపోయాయి. ఆ జాబితాను మళ్లీ చదవవలసిన అవసరాన్ని శాసనంలోని ఒక మాటే సూచిస్తున్నది. కురుడు, అతని తల్లిదండ్రులు, శివుడు కలిసి చేయించిన నిక్షేపాన్ని పేర్కొంటూ లేఖకుడు మంజూషతోపాటు ‘ఫాలిగ సముగం’ అని ప్రత్యేకించి చెక్కాడు. సముగం సంస్కృత సముద్గకానికి ప్రాకృత రూపం, అంటే భరిణ. ఫాలిగం స్ఫటికం. బుద్ధధాతువును ఉంచిన భరిణ ఏ రాతిదో చెప్పకుండా ఊరుకోవడం దాతలకు ఇష్టం లేకపోయింది.

ఎందుకన్నది డెల్టా నేలను చూస్తే కొంత బోధపడుతుంది. గుడివాడ నుండి బందరు వరకు, కృష్ణ చీలిన చోటు నుండి దివిసీమ కొస దాకా పరచుకొన్నది ఒండ్రుమట్టి. భట్టిప్రోలు అవతలి గట్టుది, ఆ నేలా ఇదే. ఘంటసాల స్తూపశిల్పాలకు వాడిన సున్నపురాయి ఎగువన పల్నాటి వైపు నుండి రావలసిందే. పూసకు పనికివచ్చే స్ఫటికమూ, కెంపురంగు కార్నీలియనూ అంతే. గుడివాడ పాత ఊరి దిబ్బ మీద పూసలు, నాణాలు దొరికేవని 19వ శతాబ్దపు సర్వేలు నమోదు చేశాయి. ఆ దిబ్బను ఆనాడు రోడ్లకు రాయీ మట్టీ కావలసినవారు తవ్వుకుపోయారన్నది వేరే విషాదం. రాయి పుట్టని నేలలో రాతిపూస కనిపించిందంటే, దాని వెనుక తెచ్చినవాడొకడు, అరగదీసినవాడొకడు ఉన్నారన్న మాట.

ఇక్కడ పోలికకు చైనా చరిత్రపూర్వ యుగపు జేడ్ పని ఉపకరిస్తుంది. ఈ పోలిక సంబంధాన్ని నిరూపించడానికి కాదు. రెండింటి మధ్య రెండు వేల ఏళ్లకు పైగా అంతరం ఉన్నది. గట్టిరాయిని ఒక సమాజం ఎలా చూస్తుందో తెలుసుకోవడానికి అంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు. నేటి ఇన్నర్ మంగోలియా ప్రాంతపు షింగ్‌లోంగ్‌వా సంస్కృతిలో సుమారు 8000 ఏళ్ల నాడే నెఫ్రైట్‌తో చేసిన, ఒకచోట చీలిక ఉన్న చెవిపోగులు కనిపిస్తాయి. తరువాతి హోంగ్‌షాన్ వారు చుట్టుకొన్న జంతురూపాలు చేశారు. క్రీ.పూ. 3300–2300 నాటి లియాంగ్‌ఝూ సంస్కృతిలో ఆ పని పరాకాష్ఠ చేరింది. లియాంగ్‌ఝూ కూడా డెల్టా సీమే: యాంగ్‌ట్సీ దిగువన వరి పండించి, కట్టలు కట్టి నీటిని అదుపు చేసిన జనం. వారి సమాధులలో నడుమ బెజ్జం ఉన్న బిల్లలు ‘బీ’, వెలుపల చదరంగా లోపల గుండ్రంగా ఉండే గొట్టాలు ‘త్సోంగ్’ దొరికాయి. 1986లో ఫాన్‌షాన్ 12వ సమాధి నుండి తీసిన త్సోంగ్ ఒక్కటే 6.5 కిలోల బరువు. దాని మీద వెంట్రుక వంటి గీతలతో తీర్చిన దేవతాముఖం ఉన్నది. వారి వద్ద లోహపు పనిముట్లు లేవు.

తెలుగులో ఈ పనిని ‘జేడ్ చెక్కడం’ అంటే అర్థం తప్పిపోతుంది. నెఫ్రైట్ ఉలికి లొంగదు. సన్నని నారల వంటి స్ఫటికాలు పెనవేసుకొని ఉండడంతో దెబ్బకు పెళ్లు ఊడదు. దానిని తాడుతో, తడి ఇసుకతో కోయాలి, గొట్టపు బర్మాతో తొలచాలి, నూరాలి. ఇసుకలోని పలుగురేణువే అసలు పనిముట్టు. నెఫ్రైట్ కాఠిన్యం 6–6.5, పలుగుది 7. అంటే లియాంగ్‌ఝూ పనివానికి పనిముట్టు అయిన ఖనిజమే భట్టిప్రోలు పనివానికి ముడిసరుకు. జేడ్‌ను అరగదీసే పొడితో స్ఫటికాన్నీ అరగదీయవచ్చు, కాని ఎంతకూ తెమలదు. అంతకంటె గట్టిదైన కురువిందం కావాలి. ఈ దక్షిణదేశపు మాటే ఇంగ్లీషులో కొరండమ్ అయింది. వజ్రమైతే వజ్రపు పొడితోనే సానపట్టాలి. ఆ మెట్టు డెల్టాకు 17వ శతాబ్దంలో బాగా పరిచయం. టావెర్నియే వర్ణించిన కొల్లూరు గని కృష్ణ ఒడ్డునే ఉన్నది, గోలకొండ రాజ్యానికి బందరు ప్రధాన రేవు.

పేర్ల విషయం మరింత చిక్కు. చైనా భాషలో ‘యూ’ అనేది ఒక ఖనిజానికి పరిమితం కాదు. నునుపుదేలి, మన్నిక గల ఉత్తమశిలలెన్నింటికో వర్తిస్తుంది. తెలుగు అనువాదాలలో జేడ్‌ను పచ్చ, మరకతం అనే అలవాటు ఉన్నది. మరకతం వేరే ఖనిజం. పైగా జేడ్ తెల్లగానూ ఉంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇల్తుత్మిష్ పేరున్న జేడ్ పుస్తకపీఠాన్ని చూసినవారికి ఈ తేడా చెప్పనక్కరలేదు. స్ఫటికానికి వస్తే, ప్రాకృత ఫాలిగకూ తమిళ పళింగుకూ తెలుగు పలుగుకూ ధ్వనిసామ్యం కొట్టవచ్చినట్లు కనబడుతుంది. గడ్డపలుగు కూడా పలుగే కనుక ధ్వనిసామ్యం ఒక్కదానితో వ్యుత్పత్తి తేల్చడం తొందరపాటు. అయినా నిఘంటుకారులు పలుగురాయిని నాసిరకం చెకుముకిరాయిగా, స్ఫటికాన్ని మణిగా విడదీయడం వల్ల రెండూ ఒకే ఖనిజమన్న ఎరుక సాహిత్య చరిత్రకారులకు కలగలేదు.

ఈ రెండు రాతి సంప్రదాయాలు ఎక్కడా కలవలేదా? థాయ్‌లాండ్‌లో క్రా భూసంధి మీది ఖావో సామ్ కేవ్‌లో కలిశాయి. క్రీ.పూ. 4–2 శతాబ్దాల నాటి ఆ రేవు పట్టణంలో భారతీయ పద్ధతిన కార్నీలియన్, అగేట్ పూసలు చేసిన పనివారి ఆనవాళ్లూ, తైవాన్ నుండి వచ్చిన నెఫ్రైట్ పని ఆనవాళ్లూ ఒకేచోట బయటపడ్డాయి. భట్టిప్రోలు మంజూషలు దాదాపు ఆ కాలానివే. ఆ పూసలు కృష్ణా ముఖద్వారం నుండి వెళ్లాయనడానికి ఆధారం చూపవలసే ఉన్నది. కాని దారి ఉన్నదనడానికి తరువాతి కాలపు సాక్ష్యం బలమైనదే. టాలెమీ మైసోలియా తీరంలో కంటకస్సుల వాణిజ్యకేంద్రాన్ని పేర్కొని, ఆ పైన సువర్ణభూమికి ఓడలు బయలుదేరే చోటును చెప్పాడు. కంటకస్సులే ఘంటసాల. అక్కడి ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు.

రీ సేకరణలో మరొక చిన్న వస్తువు ఉన్నది: ఆరు పలకల స్ఫటికం, దాని పలకల మీద అక్షరాలు. బ్యూలర్ దానిని పదవ శాసనంగా ప్రకటించాడు. లిపి చర్చలో అదీ మిగిలినవాటితో సమానంగా ఒక పాఠమే. కాని మంజూషల మీది అక్షరాలు ఉలితో చెక్కినవి. ఈ అక్షరాలు ఉలి పనిచేయని రాతి మీద గీసినవి. అక్షరాల వంపులు, గీతల లోతు, కొసలు ఎలా తేలాయో పనిముట్టును బట్టి చదివితే, లిపిలో భేదాలుగా ఇంతవరకు లెక్కించిన వాటిలో కొన్ని రాతి గట్టిదనం వల్ల వచ్చినవా అన్న ప్రశ్న భట్టిప్రోలు లిపి అధ్యయనం ముందు నిలుస్తుంది.