పని చేయుచున్న ప్రోగ్రామునకు మరమ్మతు

నల్లమల కొండలలోని అహోబిలమును గూర్చి తెలిసికొనగోరు విద్యార్థి నేడు తెలుగు వికీపీడియాను తెరచును. 2022 వరకు కర్నూలు జిల్లాలోను, పిమ్మట నంద్యాల జిల్లాలోను చేరిన ఆ క్షేత్రమును గూర్చిన పుట క్షణములో తెరపై నిలుచును. పుటలోని వాక్యములను వ్రాసినవారు తెలుగువారు. వానిని భద్రపరచి, అడిగిన వారికి అందించునది మాత్రము మీడియావికీ అను ప్రోగ్రాము. వందలకొలది భాషల వికీపీడియాలకు ఆధారము ఇదియే. కనుక దీనిలో ఒకచోట జరిగిన పొరపాటు ఆ భాషలన్నింటిని బాధించగలదు.

ప్రోగ్రాము పని చేయుచున్నంత మాత్రమున అది చక్కగా వ్రాయబడినదని చెప్పుటకు వీలులేదు. గోడలు నిలిచియున్నను, ఒక కిటికీ మార్చబోగా పైకప్పు కదలు ఇండ్లు కొన్ని యుండును. ప్రోగ్రాములలో ఇట్టి లోపములను కనుగొని సరిచేయుట ఒక శాస్త్రముగా ఎదిగిన కథ ఆసక్తికరమైనది.

నార్వే దేశమున ఓలే యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ అను ఇద్దరు రూపొందించిన సిమ్యులా 67 అను భాషతో ‘ఆబ్జెక్టు’ పద్ధతి ఆరంభమైనది. 1970 దశకములో అమెరికాలోని జిరాక్సు పరిశోధనాలయమున అలన్ కే బృందము స్మాల్‌టాక్ భాషతో దానిని విస్తరించినది. ఈ పద్ధతిలో సమాచారమును, దానిపై జరుగు పనులను కలిపి ఒక వస్తువుగా భావింతురు. ఒకే జాతి వస్తువులకు మూసవంటిది ‘క్లాసు’.

ఒక ఉదాహరణము చూడుడు. అహోబిలమున జ్వాల, మాలోల, కారంజ, భార్గవ మొదలగు పేర్లతో తొమ్మిది నరసింహ ఆలయములు కలవు. కొన్నింటికి బస్సు దారి కలదు. జ్వాలా నరసింహ ఆలయమునకు కొండ నెక్కి నడువవలెను. యాత్రికులకు దారి, దూరము, వేళలు, వసతి తెలుపు ప్రోగ్రామును ఒకరు వ్రాసిరనుకొనుడు. ‘ఇది జ్వాల అయినచో ఇట్లు, మాలోల అయినచో అట్లు’ అని తొమ్మిది షరతులను ఆ నాలుగు పనులలోను వ్రాసినచో మొత్తము 36 షరతులగును. ఒక ఆలయపు వివరము మారినచో నాలుగుచోట్ల వెదకవలెను. ఒకచోట మరచినను తప్పు దొరలును. అట్లుగాక ‘ఆలయము’ అను క్లాసును ఏర్పరచి, ప్రతి ఆలయ వస్తువు తన దారిని, వేళలను తానే చెప్పునట్లు చేసినచో మార్పు ఒక్కచోటనే జరుగును.

ఇట్టి చిక్కును కొలుచుటకు 1976లో థామస్ మెకేబ్ ఒక సులభమైన లెక్క చూపెను. ఒక భాగములోని షరతుల సంఖ్యకు ఒకటి కలిపినచో, దానిలో పరీక్షింపవలసిన స్వతంత్ర మార్గముల సంఖ్య వచ్చును. ఆ సంఖ్య పది దాటకుండుట మంచిదని ఆయన సూచించెను. పై ఉదాహరణములో ఒక్కొక్క పనికి తొమ్మిది షరతులు గనుక లెక్క సరిగా పది. పదవ ఆలయము చేర్చినచో హద్దు దాటును.

1992లో రెండు ముఖ్య సంఘటనలు జరిగినవి. ఇలినాయ్ విశ్వవిద్యాలయమున విలియం ఓప్‌డైక్ తన పరిశోధన గ్రంథములో, ప్రోగ్రాము ప్రవర్తన మారకుండ దాని లోపలి అమరికను మార్చు పద్ధతులను క్రమబద్ధముగా వివరించెను. దీనికే ‘రీఫాక్టరింగ్’ అని పేరు. అదే సంవత్సరమున వార్డ్ కన్నింగ్‌హామ్ ఈ సమస్యను అప్పుతో పోల్చెను. త్వరపడి వ్రాసిన ప్రోగ్రాము అప్పు తెచ్చి విత్తిన సేద్యము వంటిది. పంట చేతికి రాగానే తీర్చినచో మేలే. తీర్చనిచో తరువాతి ప్రతి మార్పునకు అదనపు శ్రమ అను వడ్డీ చెల్లింపవలసి వచ్చును. వానకు ఎదురుచూచు రాయలసీమ రైతునకు ఈ లెక్క వివరింప నక్కరలేదు.

1999లో మార్టిన్ ఫౌలర్ ‘రీఫాక్టరింగ్’ అను గ్రంథమును ప్రకటించెను. దానిలో కెంట్ బెక్‌తో కలిసి వ్రాసిన ఒక అధ్యాయములో, ప్రోగ్రామునందలి అనుమానాస్పద లక్షణములకు ‘వాసనలు’ అని పేరిడి 22 రకములను వివరించిరి. ఒకే భాగము పలుచోట్ల నకలు చేయుట, మితిమీరి పెరిగిన క్లాసు, ఒక మార్పునకు పదిచోట్ల చేయి పెట్టవలసి వచ్చుట అందులోనివి. వాసన వచ్చినంత మాత్రమున అన్నము పాచిపోయినదని నిశ్చయింపరాదు. మూత తీసి చూడవలెనని మాత్రమే దాని భావము.

అప్పు పోలికను చెప్పిన కన్నింగ్‌హామే 1995లో మొట్టమొదటి వికీని నిర్మించుట విశేషము. 2001 జనవరిలో ఆరంభమైన వికీపీడియా తొలుత పెర్ల్ భాషలోని ఒక చిన్న ప్రోగ్రాముపై నడచెను. 2002 జనవరిలో జర్మనీ విద్యార్థి మాగ్నస్ మాన్‌స్కె పి.హెచ్.పి. భాషలో వ్రాసిన ప్రోగ్రాము దాని స్థానమున వచ్చినది. చదువరుల తాకిడి పెరుగగా అదే సంవత్సరము జూలైలో లీ డానియల్ క్రాకర్ తిరుగ వ్రాసిన రూపము అమలైనది. దీనికే మరుసటి సంవత్సరము మీడియావికీ అను పేరు కలిగెను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టినది.

నాటి పి.హెచ్.పి.లో వస్తు పద్ధతి అసంపూర్ణము. 2004లో వచ్చిన అయిదవ రూపముతోనే అది బలపడినది. అవసరము తరుముచుండగా చేసిన నిర్మాణములో అప్పు చేరుట సహజము. ‘టైటిల్’ అను క్లాసు ఇందుకు నిదర్శనము. పుట పేరును తెలుపుటకు పుట్టిన ఈ క్లాసు క్రమముగా సమాచార నిధిని ప్రశ్నించుట, పుటను మార్చుటకు ఎవరికి అనుమతి కలదో తేల్చుట మున్నగు పనులను నెత్తికెత్తుకొని వేల వరుసలకు పెరిగినది. ‘అహోబిలం’ అను పేరు మాత్రమే కావలసిన చోటను సమాచార నిధి అంతయు వెంట వచ్చెడిది. మరియొక లోపము, ప్రస్తుత వాడుకరి, ప్రస్తుత పుట మున్నగు వానిని ఎక్కడినుండియైనను మార్చుటకు వీలైన ఉమ్మడి చలరాశులలో ఉంచుట. ఊరి ఉమ్మడి బావిలో ఎవరు ఏమి వేసిరో కనుగొనుట కష్టము కదా!

అన్నియు మంచివి కానివే అనుట న్యాయము కాదు. తెలుగు సందేశములను ప్రధాన తర్కముతో కలుపక వేరు ఫైలులలో నుంచిరి. అందుచేత ప్రోగ్రాము లోపలి భాగమును ముట్టకయే స్వచ్ఛంద సేవకులు తెరపై మాటలను తెలుగు చేయగలిగిరి.

మరమ్మతు మెల్లగా సాగినది. 2011లో విడుదలైన 1.18 రూపములో, ఉమ్మడి చలరాశులకు బదులు ఒక్కొక్క కోరికకు సంబంధించిన వివరములను ఒకచోట చేర్చు క్లాసు వచ్చినది. 2016లో 1.27 రూపమున, వివిధ భాగములకు కావలసిన సేవలను బయటనుండి అందించు ఏర్పాటు జరిగినది. పుట కూర్పులను తెలుపు ‘రివిజన్’ అను పాత క్లాసు పనిని 2018లో 1.31 రూపమున రెండుగా విభజించిరి: ఒకటి కూర్పును వర్ణించును, రెండవది దానిని నిధినుండి తెచ్చును. 2021లో 1.36 రూపమున, పుట గుర్తింపును మాత్రమే తెలుపు చిన్న ఏర్పాటు వచ్చి టైటిల్ బరువును కొంత తగ్గించినది.

ఈ మార్పులలో పాత ద్వారములను వెంటనే మూయలేదు. ఇతరులు వ్రాసిన అనుబంధ ప్రోగ్రాములు వాటిపై ఆధారపడియుండుటచే, ‘ఇది త్వరలో తొలగును’ అను హెచ్చరికతో కొన్ని విడుదలల వరకు ఉంచి పిమ్మట తీసివేయుట ఆనవాయితీ. ప్రతి మార్పునకు ముందు, తరువాత యంత్రము స్వయముగా పరీక్షలు జరుపును. మరియొకరు చదివి ఒప్పుకొనిన పిమ్మటనే మార్పు చేరును. 2012 నుండి ఈ పరిశీలనకు గెరిట్ అను సాధనమును వాడుచున్నారు. ప్రోగ్రామును నడుపకయే చదివి తప్పులను పట్టు సాధనములును కలవు. అయినను యంత్రము వరుసలను లెక్కించునే గాని ఒక క్లాసునకు ఏ పని తగునో నిర్ణయింపజాలదు. ఆ వివేకము మనుష్యునిదే.

పాఠశాలలో ప్రోగ్రాము వ్రాయు విద్యార్థులు ఈ క్రమమును తామును పాటింపవచ్చును. ముందుగా సరియైన జవాబులను తెలుపు పరీక్షలు సిద్ధపరచుకొనవలెను. ఒకసారి ఒక చిన్న మార్పు మాత్రమే చేసి, వెంటనే పరీక్షింపవలెను. జవాబు మారినచో ఆ ఒక్క అడుగు వెనుకకు వేసిన చాలును. ఆలయముల ప్రోగ్రాములోని 36 షరతులను ఈ విధముగా తొలగించి చూచుట తరగతిలో చేయదగిన మంచి అభ్యాసము.