కొండమీది అమెరికా బడి

మే నెలలో కొడైకెనాల్ వెళ్లిన తెలుగు కుటుంబం ఏం చేస్తుందో అందరికీ తెలిసిందే. సరస్సు చుట్టూ అద్దె సైకిల్ తొక్కడం, పడవ షికారు, కోకర్స్ వాక్‌లో మబ్బుల మధ్య ఫొటోలు, చలికి కాల్చిన మొక్కజొన్న పొత్తు, తిరుగు ప్రయాణంలో యూకలిప్టస్ నూనె సీసా. ఈ తిరుగుడులో ఏడు రోడ్లు కలిసే కూడలిని రోజుకు నాలుగుసార్లయినా దాటుతారు. ఆ కూడలిని ఆనుకుని, సరస్సుకు దగ్గర్లోనే ఒక బడి ఉంది. బయట నిలబడి చూస్తే చెట్లు, రాతి గోడలు, వాలు కప్పులు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. అదే కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్. తొలి పేరు హైక్లర్క్. 1901లో మొదలైన ఈ క్రైస్తవ పాఠశాలలో ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే తరగతి గదిలో కూర్చుని చదువుకున్నారు. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు.

ఈ బడి కథ చెప్పాలంటే ముందు మధురై సమాధుల దగ్గరికి వెళ్లాలి. అమెరికన్ మిషనరీలు జాఫ్నా నుంచి మధురైకి వచ్చి 1834లో తమ మిషన్ పెట్టారు. వచ్చినవాళ్లను కలరా, విషజ్వరాలు వరసగా పొట్టన పెట్టుకున్నాయి. ఎక్కువగా పోయింది ఆడవాళ్లు, పసిపిల్లలు. ఎండ నుంచి, జబ్బుల నుంచి తప్పించుకోవడానికి మొదట దగ్గర్లోని సిరుమలై కొండలెక్కి చూశారు. అక్కడా జ్వరాలు వదల్లేదు. ఇంకా ఎత్తుకు పోవాలనుకుని పళని కొండలు పట్టారు. ఆ కొండల్ని 1821లోనే లెఫ్టినెంట్ వార్డ్ అనే బ్రిటిష్ అధికారి సర్వే చేసి వెళ్లాడు గానీ ఇల్లు కట్టి కాపురం పెట్టింది మాత్రం ఈ అమెరికన్లే. 1845లో సన్నీసైడ్, షెల్టన్ అనే రెండు బంగళాలు లేచాయి. ఊటీకి కోయంబత్తూరు కలెక్టర్ సల్లివాన్ ఉన్నట్టు, మన దేశంలో పేరున్న వేసవి విడుదుల్లో చాలావాటికి మూలపురుషుడు ఓ తెల్ల అధికారో సైనికుడో అయి ఉంటాడు. కొడైకెనాల్‌కు మూలం మాత్రం బైబిలు పట్టుకొచ్చిన అమెరికా బోధకులు. కలెక్టర్లు తర్వాత వచ్చారు. మధురై కలెక్టర్‌గా చేసిన వీర్ లెవింజ్ చొరవతో 1863లో వాగుకు కట్ట వేసి ఇప్పుడు మనం సైకిల్ తొక్కే సరస్సును తయారుచేశారు.

కొండెక్కడం అప్పట్లో సులువు కాదు. 1870ల మధ్యలో రైలు వచ్చాక అమ్మయ్యనాయకనూరులో, అంటే ఇప్పటి కొడై రోడ్ స్టేషన్లో దిగేవారు. అక్కణ్నుంచి కొండ అడుగు దాకా ఎడ్లబండి. ఆపైన గుర్రం మీదో, కాలినడకనో, నలుగురు మోసే కుర్చీలోనో. పెట్టెలు, మంచాలు, పుస్తకాలు, పిల్లల ఊయలలు అన్నీ మనుషుల తలల మీద, భుజాల మీద పైకి చేరాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ల కూలీలు లేకపోతే కొండమీద ఒక్క కిటికీ తలుపు కూడా ఉండేది కాదు. మిషన్ నివేదికల్లో బంగళాల పేర్లున్నాయి, దొరల పేర్లున్నాయి, ఈ మోసినవాళ్ల పేర్లు మాత్రం వెతికినా దొరకవు. బండ్లు నేరుగా పైకెక్కే ఘాట్ రోడ్డు మొదటి ప్రపంచ యుద్ధం నాటికి గానీ పూర్తికాలేదు.

విడిది దొరికితే ప్రాణాలు దక్కాయి. పిల్లల సంగతి తేలలేదు. మిషనరీ ఇంట పుట్టిన పిల్లకు ఏడెనిమిదేళ్లొస్తే ఓడెక్కించి అమెరికా పంపెయ్యడం ఆనవాయితీ. అక్కడ తాతగారింట్లోనో, పినతండ్రి దగ్గరో, మిషన్ వసతి గృహంలోనో పెరగాలి. తల్లిదండ్రుల మొహం మళ్లీ చూడాలంటే వాళ్లకు సెలవిచ్చే ఏడాది రావాలి, అందుకు ఏళ్లు పట్టేది.

అలా తల్లిదండ్రులకు దూరమైన పిల్లల్లో ఒకామె కథ మనకు దగ్గరిదే. వేలూరు ఆస్పత్రి పేరు తెలియని ఇల్లు రాయలసీమలో అరుదు. చిత్తూరు నుంచి అనంతపురం దాకా పెద్ద జబ్బు చేస్తే ముందు గుర్తొచ్చేది అక్కడి సీఎంసీయే. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టింది. తాత జాన్ స్కడర్ మనదేశానికి వచ్చిన తొలితరం అమెరికన్ వైద్య మిషనరీ. ఆమెను అమెరికా తీసుకెళ్లాక ముందు తండ్రి తిరిగి ఇండియా వచ్చేశాడు, తర్వాత కొన్నాళ్లకు తల్లీ బయల్దేరింది. పద్నాలుగేళ్ల పిల్ల షికాగోలో బంధువుల ఇంట్లో మిగిలిపోయింది. తల్లి వెళ్లిన రాత్రి ఆమె పడ్డ దుఃఖం గురించి జీవితచరిత్రకారులు రాశారు. తానెప్పటికీ మిషనరీని కానని ఆ పిల్ల పట్టుబట్టిందంటే దానికి ఈ ఒంటరితనమూ ఒక కారణం అనుకోవాలి. ఆ పట్టు నిలవలేదన్నది వేరే కథ. ఆమె 1960లో కన్నుమూసింది కొడైకెనాల్‌లోనే, కొండమీద తాను కట్టుకున్న ఇంట్లో.

ఆరోగ్యం ఒక్కటే కారణమైతే అమెరికా దాకా పంపనక్కర్లేదు, కొండమీద ఉంచితే చాలు. ఇంకో భయం కూడా ఉంది. అమ్మా నాన్నా ఊళ్లు తిరుగుతుంటే పిల్లలు ఆయాల చేతుల్లో పెరిగేవాళ్లు. ఇంగ్లిష్ కన్నా ముందు తెలుగో తమిళమో నోటికొచ్చేది. తమ పిల్లలు తమవాళ్లలా పెరగరేమోనన్న బెంగ మిషనరీ తల్లుల్ని తినేసింది. ఊరందరి పిల్లలకూ బడులు పెట్టినవాళ్లు తమ పిల్లల్ని ఆ బడుల్లో కూర్చోబెట్టడానికి మాత్రం జంకారు. ఈ మాట కొంచెం కటువుగా ఉన్నా హైక్లర్క్ పుట్టుక ఇక్కడే ఉంది.

ఇక్కడికి ఓ తల్లి వచ్చింది. మార్గరెట్ ఎడ్డీ, కాన్సస్ రాష్ట్రంలోని లెవెన్‌వర్త్ ఊరామె, భర్త పోయిన మనిషి. కొడుకు షెర్‌వుడ్ ఎడ్డీ 1896లో వైఎంసీఏ పని మీద ఇండియా వచ్చి దక్షిణాదిలో విద్యార్థుల మధ్య తిరుగుతున్నాడు. కొడుకును చూసుకోవడానికి వచ్చిన ఆమెను మిషనరీలు బతిమాలి బడి చేతిలో పెట్టారు. కొండమీది హైక్లర్క్ ఎస్టేటులో మొదలుపెట్టినప్పుడు పట్టుమని పదిహేను మంది పిల్లలైనా లేరు. ఆ ఎస్టేటు పేరే బడికి స్థిరపడింది. కొడైకెనాల్ సౌర వేధశాల సూర్యుణ్ని చూడటం మొదలుపెట్టిందీ బడి పుట్టిన 1901లోనే. హైదరాబాద్‌లో పెరిగి, నిజామియా అబ్జర్వేటరీలో తండ్రి వెంట తారలు చూడటం నేర్చిన వేణు బప్పు 1960లో ఆ వేధశాలకు డైరెక్టర్‌గా వచ్చాడు. ఈ కొండకూ మనకూ ఉన్న దారులు ఒకటి రెండు కావు.

ఆడపిల్లల్ని, మగపిల్లల్ని కలిపి చదివించాలన్నది ఆదర్శంగా పెట్టుకున్న నియమమా? కొంతవరకు అవును. అమెరికాలో మామూలు ఊరి బడుల్లో అప్పటికే కలిసి చదివేవారు, వచ్చినవాళ్లకు అది కొత్త కాదు. బ్రిటిష్ వాళ్ల పద్ధతి వేరు. నీలగిరుల్లో 1899లో మొదలైన హెబ్రోన్ బడి చాలాకాలం ఆడపిల్లలదే. అయితే నాకు తోచేది ఏమంటే, ఆదర్శం కన్నా లెక్కే గట్టిగా పనిచేసింది. ఉన్న గుప్పెడు పిల్లల్ని రెండుగా చీలిస్తే రెండు బడులూ నడవవు. పైగా చాలామంది అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలకు ఒకే కప్పు కింద తోబుట్టువు ఉండటం ఎంత ఆసరానో హాస్టల్లో చదివిన ఎవర్ని అడిగినా చెబుతారు.

ఏప్రిల్ వచ్చిందంటే కొండకు పండగ. మైదానాల నుంచి తల్లిదండ్రులు పైకొచ్చేవారు, పిల్లలు హాస్టల్ వదిలి అద్దె కాటేజీల్లో అమ్మానాన్నల దగ్గరికి చేరేవారు. పగలు బడి, సాయంత్రం ఇల్లు. మిషనరీల క్లబ్బులో టెన్నిస్, నాటకాలు, సభలు, సంగీత కచేరీలు. వచ్చేవాళ్లలో మధురై, ఆర్కాడు వాళ్లతోపాటు తెలుగు జిల్లాల వాళ్లూ ఉన్నారు. 1842లో ఫాదర్ హేయర్ అడుగుపెట్టిన నాటి నుంచి గుంటూరు లూథరన్ల కేంద్రం. కుగ్లర్ ఆస్పత్రి, ఆంధ్ర క్రైస్తవ కళాశాల ఆ చెట్టు కొమ్మలే. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులవి. గుంటూరు ఎండ తెలిసినవాళ్లకు ఈ వలస ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. మద్రాసు మీదుగా రెండు రైళ్లు మారి, కొండెక్కి, స్వెట్టర్లు బయటికి తీసేవాళ్లు. బడి కూడా ఒక్క మధురై మిషన్‌దిగా మిగల్లేదు, వేర్వేరు మిషన్ల ఉమ్మడి సొత్తయింది. సిద్ధాంతాల దగ్గర ఒకరితో ఒకరికి పొసగని లూథరన్లు, బాప్టిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు పిల్లల చదువు దగ్గర ఏకమయ్యారు. జూన్లో పెద్దవాళ్లు దిగిపోయేవారు. వర్షాలు మొదలయ్యేవి, హాస్టల్ తలుపులు మళ్లీ తెరుచుకునేవి.

ఈ కొండకూ మనకూ ఉన్న ఇంకో దారి డోర్నకల్ మీదుగా. షెర్‌వుడ్ ఎడ్డీకి వైఎంసీఏలో ఆప్తమిత్రుడొకాయన ఉన్నాడు, తిరునెల్వేలి జిల్లాకు చెందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఇద్దరూ కలిసి ఊళ్లు తిరిగారు, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టుకలో పాలుపంచుకున్నారు. 1909లో అజరయ్య మకాం నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మార్చి తెలుగు నేర్చుకున్నాడు. మరుసటి ఏడు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. అక్కడ ఆయన లేచి, మీరు మా కోసం ఎన్నో త్యాగాలు చేశారు, కాదనం, కానీ మమ్మల్ని మీతో సమానంగా కూర్చోబెట్టుకోరు, మాకు కావాల్సింది స్నేహితులు అనే అర్థంలో మాట్లాడాడు. సభలో చాలామందికి మింగుడు పడలేదు. 1912 డిసెంబరులో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. డోర్నకల్లో గురువుల శిక్షణకు వచ్చిన భర్తలతోపాటు భార్యలకూ చదువు చెప్పించాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి పెద్ద గుడిని ఈ నేల కట్టడాల పోలికలతోనే కట్టించాడు.

అజరయ్య ఎడిన్‌బరోలో ఆ మాటలు అంటున్న రోజుల్లో ఆయన ప్రాణస్నేహితుడి తల్లి చేతులమీదుగా మొదలైన బడి అమెరికా పిల్లల కోసమే నడుస్తోంది. ఎడ్డీ కుటుంబాన్ని వేలెత్తి చూపడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ తరంలో అందరికన్నా దగ్గరగా వచ్చినవాళ్ల ఇంటి వాకిట్లో కూడా వాళ్లనూ మనల్నీ విడదీసే గీత ఉందని చెప్పడానికే. గీత చెరగడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది, అది కూడా ఎవరో మనసు మార్చుకున్నందువల్ల కాదు.

స్వాతంత్ర్యం వచ్చింది. 1947 సెప్టెంబరులో దక్షిణ భారత సంఘం ఏర్పడి పగ్గాలు భారతీయుల చేతికొచ్చాయి. 1956లో మధ్యప్రదేశ్‌లో నియోగి కమిటీ విదేశీ మిషనరీల పనిని తప్పుపడుతూ నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత కొత్త మిషనరీలకు వీసాలు దొరకడం కష్టమైంది, పాతవాళ్లు రిటైరై వెళ్లిపోయారు. మిషనరీలే లేకపోతే మిషనరీల పిల్లలు ఎక్కడినుంచి వస్తారు? మూసెయ్యాలా, తలుపులు తెరవాలా అన్న ప్రశ్న వచ్చింది. తెరవడానికే మొగ్గు చూపారు. 1970లలో హైక్లర్క్ పేరు పోయి కొడైకెనాల్ పేరు, దాని వెంటే ఇంటర్నేషనల్ అన్న మాట చేరాయి. భారతీయ పిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చారు. జెనీవాలో పుట్టిన ఇంటర్నేషనల్ బకలారియట్, అంటే ఐబీ చదువును 1976లో మనదేశంలో మొట్టమొదట మొదలుపెట్టిన బడి ఇదే. హైదరాబాద్‌లో ఇప్పుడు వీధికో ఇంటర్నేషనల్ స్కూలు బోర్డు చూస్తున్నవాళ్లు ఈ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవచ్చు. బడి క్రైస్తవ మూలాల్ని వదులుకోలేదు, అయితే లోపల కూర్చునే పిల్లలు అన్ని మతాలవాళ్లూ.

ఆవరణ చూస్తే ఒకేసారి గీసిన ప్లాను ప్రకారం కట్టింది కాదని తెలిసిపోతుంది. డబ్బున్నప్పుడు ఒక గది, అవసరమైనప్పుడు ఒక మేడ. కొండ వాలును చదును చేసి, అక్కడి రాయినే కొట్టి గోడలు లేపారు. మధ్యలో ఫ్లాగ్ గ్రీన్ అని పిలిచే పచ్చిక. మార్గరెట్ ఎడ్డీ జ్ఞాపకార్థం కట్టిన రాతి చాపెల్ ఇంకా నిలబడి ఉంది. గోడలు దాటితే అసలైన ఆవరణ మొదలవుతుంది. కొండల్లో రోజుల తరబడి నడవడం, గుడారాలు వేసుకోవడం ఈ బడిలో తొలినాళ్ల నుంచీ వస్తున్న అలవాటు. పెరుమాళ్ శిఖరం, బెరిజం సరస్సు, పూంబారై మెట్ల పొలాలు ఇక్కడి పిల్లలకు పాఠాల్లో భాగం. నీలకురింజి పన్నెండేళ్లకొకసారి పూస్తుంది. 2006లో పూసింది, మళ్లీ 2018లో. ఒకటో తరగతిలో చేరి పన్నెండు దాకా చదివిన పిల్లకు ఆ నీలం కొండను ఒక్కసారైనా చూసే యోగం ఖాయం. ఈమధ్య అడవిదున్నలు కూడా దర్జాగా ఊళ్లోకి వచ్చేస్తున్నాయి, సీజన్లో వచ్చిన పర్యాటకులు కారు అద్దాలు ఎక్కించుకుని వాటికి దారిస్తున్నారు.

ఇప్పుడు ఇక్కడ పిల్లల్ని చేర్చే తల్లిదండ్రుల లెక్కలు వేరు. ఫీజు లక్షల్లో ఉంటుంది. ఐబీ డిప్లొమా చేతికొస్తే విదేశీ విశ్వవిద్యాలయాల్లో సీటు తేలికన్నది చాలామంది ఆశ. పిల్లల్ని అమెరికాకు పంపక తప్పని తల్లుల కోసం పెట్టిన బడి ఇది. ఇక్కడ పన్నెండో తరగతి పూర్తిచేసిన మన పిల్లలు ఆ అమెరికాకే విమానం ఎక్కుతున్నారు.