విషవాయువు సోకిన ఊపిరితిత్తులకు వైద్యం: వందేళ్ల నడక

వెంకటాచలం నుంచి కృష్ణపట్నం రేవు వైపు, నెల్లూరు తీరమంతా రొయ్యల సీమ. రొయ్యను గడ్డకట్టించే ప్లాంట్లలోనూ ఐస్ ఫ్యాక్టరీల్లోనూ చలిని పుట్టించేది ఎక్కువగా అమ్మోనియా. అది లీకైతే వైద్యుడు చేయగలిగినదాని వెనుక వందేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో విరుగుడు మందులు తక్కువ, ఊపిరి నిలిపే నేర్పు ఎక్కువ.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వదిలింది. పరిశీలనకు వెళ్లిన శరీరధర్మ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణవాయువు అందకే సైనికులు చనిపోతున్నారని గ్రహించాడు. అప్పట్లో వైద్యులు నెత్తురు తీసేవారు, ఆక్సిజన్‌ను గరాటుతో మొహం మీదికి వదిలేవారు. కొలత ప్రకారం మాస్కుతో ఎడతెగకుండా ఇవ్వాలని హాల్డేన్ 1917లో రాశాడు. ఆక్సిజన్ వైద్యానికి శాస్త్రీయమైన పునాది అలా పడింది.

ఏ వాయువు ఎక్కడ దెబ్బతీస్తుందో కూడా ఆ యుద్ధమే నేర్పింది. అమ్మోనియా నీటిలో ఇట్టే కరుగుతుంది కనుక కళ్లు, ముక్కు, గొంతు ముందు కాలుతాయి. గొంతు వాచి దారి మూసుకుపోకముందే గొట్టం వేయాలి. ఆ యుద్ధంలోనే వాడిన ఫాస్జీన్ వాయువు అంతగా కరగదు, లోతుకు దిగుతుంది. బాగానే ఉన్నట్టు కనిపించిన మనిషికి కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి. అందుకే వెంటనే ఇంటికి పంపకూడదు.

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతులో గొట్టం వేసి గాలి కొట్టించాడు. ఐసీయూకు అది నాంది. 1967లో యాష్‌బా బృందం తీవ్ర శ్వాసవైఫల్యాన్ని ప్రత్యేక జబ్బుగా వర్ణించింది. ఆ జబ్బుకు వెంటిలేటర్‌తో ఒక్కో శ్వాసకు కిలోకు 12 మిల్లీలీటర్ల బదులు 6 ఇస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లో తేలింది. రోగిని బోర్లా పడుకోబెట్టడం వల్ల మేలని 2013లో రుజువైంది.

మన దేశంలో గట్టి పాఠం భోపాల్. 1984 డిసెంబరు 2 రాత్రి మిథైల్ ఐసోసయనేట్ ఊరిని కమ్మేసినప్పుడు, హమీదియా ఆస్పత్రి వైద్యులకు ఏ విషంతో పోరాడుతున్నారో సరిగా తెలియదు. విరుగుడుగా సోడియం థయోసల్ఫేట్ ఇవ్వాలా వద్దా అన్న వాదం నెలల తరబడి సాగింది. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి వెలువడింది స్టైరీన్ అని కొద్ది గంటల్లోనే బయటపడింది. అయినా దానికి విరుగుడు లేదు. కింగ్ జార్జ్ ఆస్పత్రి(కేజీహెచ్)లో చేరినవారికి ఆక్సిజనే పెద్ద దిక్కయింది. 12 మంది చనిపోయారు.

ఈ అనుభవం తీరప్రాంతానికి చెప్పేది ఇదే. బాధితుణ్ని గాలి వీచే దిశకు అడ్డంగా బయటికి తేవడం, బట్టలు విప్పి కళ్లూ ఒళ్లూ ధారాళంగా నీళ్లతో కడగడం ఫ్యాక్టరీ గేటు దగ్గరే జరగాలి. లీకైన వాయువు పేరు అంబులెన్సు కంటే ముందే ఆస్పత్రికి ఫోనులో చేరాలి. వెంటిలేటర్ ఎంత మెరుగైనా, పోగొట్టుకున్న ఆ మొదటి నిమిషాలను తిరిగి తేలేదు.