న్యాయాధిపతుల వైదొలఁగుట: పోర్చుగీసు పరిభాషకుఁ దెలుఁగుమాటలు

పరదేశముల ధర్మశాస్త్రగ్రంథములను దెలుఁగుసేయఁ బూనినవారికిఁ బదములకంటెఁ బదముల నడుమనున్న యెడము హెచ్చు చిక్కు గలిగించుచుండును. నిఘంటువు పదమున కర్థము చెప్పునే కాని, యొక పదమునకును దాని ప్రక్కనున్న పదమునకును గల భేదమును జెప్పదు. ఇందులకుఁ బోర్చుగీసు వ్యవహారవిధియందు మంచి తార్కాణము గనఁబడుచున్నది. న్యాయాధిపతి యొక వ్యాజ్యమును దాను విచారింపక తొలఁగుటకు సంబంధించి యా భాషలో నాలుగు మాటలు గలవు. అవి ఇంపెదిమెంతో, సుస్పెయిసావు, రెకూజా, ఎస్కూజా అనునవి. మన పత్రికలు మాత్ర మిట్టి సందర్భములందెల్ల "న్యాయమూర్తి విచారణనుండి తప్పుకొనిరి" అని యొక్కమాటతోనే సరిపుచ్చుచున్నవి. తప్పుకొనుట యనఁగా భారమునుండి జాఱిపోవుట యను ధ్వనియు నందుఁ గలదు. పోర్చుగీసు మాటలు నాల్గింటిలో నొక్కదానికిని ఆ ధ్వని లేదు. ఈ నాల్గింటి చరిత్రమును బరిశీలించి, వానికిఁ దెలుఁగున నెట్టి మాటలు తగునో విచారించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ పరిభాషకు మూలము రోమకధర్మము. జస్టీనియను చక్రవర్తి 6వ శతాబ్దమునఁ గూర్పించిన సంహితలో, న్యాయాధిపతియందు శంకగల కక్షిదారు విచారణ యారంభము కాకమున్నే యాతని నిరాకరింపవచ్చునను విధి గలదు. మధ్యయుగములందలి క్రైస్తవ మతధర్మశాస్త్రము దీనిని గ్రహించి విస్తరింపఁజేసినది. ఇంగ్లండు వేఱొక త్రోవఁ ద్రొక్కినది. పక్షపాతశంకచే న్యాయాధిపతి నాక్షేపించుట రోమకధర్మమునను, మతధర్మమునను గలదనియుఁ, దనకాలపు ఆంగ్లధర్మమున నది లేదనియు 18వ శతాబ్దమున బ్లాక్‌స్టను పండితుఁడు వ్రాసియున్నాఁడు. కావున నాంగ్లపదముల మూలముగాఁ బోర్చుగీసును దెలిసికొనఁజూచువారికి మొదటి యడుగునందే కాలు జాఱును. నేఁటి యాంగ్లమున "రెక్యూజ్" అను క్రియ వాడుకలోనున్నను, ఆ యొక్క క్రియయే న్యాయాధిపతి తనంతఁ దొలఁగుటకును, ధర్మము తొలఁగించుటకును, కక్షిదారు తొలఁగింపఁగోరుటకును జెల్లుచున్నది.

పోర్చుగలు రాజులు తమ శాసనములను మూఁడుమాఱులు సంహితలుగాఁ గూర్పించిరి. అఫోన్సో రాజు పేర వెలసినది 1446లోను, మాన్యువలు రాజు పేర వెలసినది 1521లోను బూర్తియైనవి; ఫిలిప్పు రాజు పేర వెలసినది 1603లో నమలునకు వచ్చినది. ఫిలిప్పు సంహితయందలి మూఁడవ పుస్తకము వ్యవహారవిధిని దెలుపును. అందు న్యాయాధిపతులపైఁ గక్షిదారులు తెచ్చు శంకలనుగూర్చి ప్రత్యేక శీర్షికయే కలదు. ఈ ధర్మము సముద్రములు దాఁటి బ్రెజిలునకును, మనదేశమున గోవాకును వచ్చినది. పోర్చుగీసువారు గోవాను 1510లోఁ బట్టుకొనిరి. 1544లో నచట ఉన్నతన్యాయస్థాన మేర్పడినది. అందలి న్యాయాధిపతులకు "దెసెంబర్గదోరు" అని పేరు. ఆటంకములను దొలఁగించి వ్యవహారమును సాగించువాఁడని యా మాటకు వ్యుత్పత్త్యర్థము. బ్రెజిలునందలి రాష్ట్రోన్నతన్యాయస్థానములలో నీ బిరుదు నేఁటికిని గలదు. 1961లో గోవా భారతదేశమునఁ జేరినను, 1867 నాఁటి పోర్చుగీసు పౌరస్మృతిలోని వివాహాది కుటుంబవిధు లచట నిప్పటికిఁ జెల్లుచున్నవి. కాఁబట్టి యీ పరిభాష మనకు బొత్తుగాఁ బరాయిది కాదు.

ఇఁక నొక్కొక్కమాటను బరిశీలింతము. ఇంపెదిమెంతో అను మాట పాదవాచకమైన లాటిను శబ్దమునుండి పుట్టినది. కాళ్లకు బంధము దగుల్చుట దాని మూలార్థము. సుస్పెయిసావు "క్రిందినుండి పైకిఁ జూచుట" యను నర్థముగల లాటిను ధాతువునుండి కలిగినది. పీఠముపై నున్న న్యాయాధిపతిని క్రింద నిలుచున్న కక్షిదారు సంశయముతోఁ గనుఁగొనుట యిందు స్ఫురించును. మొదటిది న్యాయాధిపతికిఁ దగులుకొన్న బంధము. రెండవది యాతనిపైఁ బడిన చూపు.

ఈ భేదము శాబ్దికులకు మాత్రమే పనికివచ్చునది కాదు. బ్రెజిలు వారి 2015 నాఁటి పౌరవ్యవహారస్మృతియందు 144వ విధి ఇంపెదిమెంతోను, 145వ విధి సుస్పెయిసావును వివరించుచున్నవి. న్యాయాధిపతి పూర్వ మా వ్యాజ్యమున సాక్షిగానో నిపుణుఁడుగానో యుండినను, క్రిందికోర్టులోఁ దానే తీర్పు చెప్పియుండినను, తానో తన భార్యయో మూఁడవతరము లోపలి బంధువో కక్షిదారైనను అది మొదటి వర్గము. కక్షిదారునకుఁ గాని యాతని న్యాయవాదికిఁ గాని ప్రాణమిత్రుఁడో శత్రువో యగుట, వ్యాజ్యముతో సంబంధముగలవారినుండి కానుకలు గొనుట, అప్పిచ్చుట, అప్పుపడుట మున్నగునవి రెండవ వర్గము. మొదటి వర్గమున కారణము లెక్కకు దొరకును. రెండవ వర్గమున మనస్సు నూహింపవలసియుండును. ఫలమును వేఱు. ప్రతిబద్ధుఁడైన న్యాయాధిపతి యిచ్చిన తీర్పు అంతిమమైన పిదపఁ గూడ రెండేండ్లలోపల దానిని రద్దుచేయింప దావా వేయవచ్చును. శంకామాత్రమున కా యవకాశము లేదు. సకాలమున నాక్షేపింపనిచో నా యాక్షేపణ గతించును. రెండు మాటలకును దెలుఁగున నొకే మాట వాడినచో, గతించిన హక్కు కలదనియో, కల హక్కు గతించినదనియో చదువరి భ్రమపడును. ఆస్తినిగూర్చిన వ్యాజ్యమున నింతకంటెఁ బెద్ద పొరపాటేమి యుండును?

ఇంపెదిమెంతోకు "ప్రతిబంధము" సరియైన మాట. బంధశబ్దము మూలార్థమునుగూడ నిలుపుచున్నది. సుస్పెయిసావు విషయమునఁ జిక్కు హెచ్చు. నిఘంటువును బట్టి "సుస్పెయితో" అను విశేషణమును "అనుమానితుఁడు" అని తెలుఁగుచేయుదురు. ఆ మాట మనకు దొంగతనమునఁ బట్టువడినవానిని దలఁపునకుఁ దెచ్చును. బ్రెజిలు న్యాయాధిపతి తన్నుఁదాను "సుస్పెయితో" అని ప్రకటించుకొన్నచో, దానిని "తాను అనుమానితుఁడనని యొప్పుకొనెను" అని వ్రాసినయెడల, మర్యాదకై చేసిన పని నేరమునంగీకరించుటగా మాఱును. పోర్చుగీసున దోషారోపణము లేదు. చూచువారికి శంక కలుగుటకుఁ జోటున్నదని మాత్రమే చెప్పఁబడుచున్నది. మఱియు ననుమానశబ్దము తర్కశాస్త్రమున హేతువునుబట్టి నిశ్చయించుటను దెలుపును. ఇచ్చట నిశ్చయమే లేదు. అందుచేత వ్యక్తినిగాక యాతఁ డున్న చోటును దెలుపు "శంకాస్థితి" యను మాట యుక్తమని తోఁచుచున్నది. "న్యాయాధిపతి తన శంకాస్థితిని బ్రకటించెను" అనుటలో నింద లేదు, సత్యమునకు లోపమును లేదు.

కడమ రెండు మాటలు, రెకూజా, ఎస్కూజా అనునవి, "కౌసా" యను నొకే లాటిను పదమునుండి పుట్టినవి. కౌసా యనఁగా హేతువు, వ్యాజ్యము. మొదటిది కక్షిదారు చేయు పని, రెండవది న్యాయాధిపతి చేయు పని. వీనికి "నిరాకరణము", "విముక్తిప్రార్థనము" అని చెప్పవచ్చును. ఇచ్చటఁ బోర్చుగలునకును బ్రెజిలునకును గల భేదమును మఱవరాదు. బ్రెజిలునందు న్యాయాధిపతి యంతరంగకారణముచేఁ దన శంకాస్థితిని దానే ప్రకటింపవచ్చును. ఆ కారణమును వెల్లడింప నక్కఱలేదు. పోర్చుగలు 1987 నాఁటి దండవ్యవహారస్మృతియందలి 43వ విధి ప్రకార మాతఁడు తన్నుఁ దాను శంకితునిగాఁ బ్రకటించుకొనరాదు. తన్ను విడువుఁడని పై న్యాయస్థానమును బ్రార్థింపవలెను. తనకు రాని వ్యాజ్యమును వదలించుకొనుట కది సాకు కాకుండ నీ కట్టుబాటు. కావున "తొలఁగెను" అని వ్రాయుట బ్రెజిలువిషయమునఁ జెల్లును. పోర్చుగలువిషయమున "తొలఁగింపఁబడఁగోరెను" అనియే వ్రాయవలెను.

చిన్నమాటలందును బొరపాటులకుఁ జోటున్నది. బ్రెజిలు దండవ్యవహారస్మృతి 1941లో వెలసినది. అందు శంకాస్థితినిగూర్చి కక్షిదారు తెచ్చు నాక్షేపమునకు "ఎసెసావు" అని పేరు. ఆ మాటకు సామాన్యార్థము మినహాయింపు. ఆ యర్థమే తీసికొన్నచో "శంకకు మినహాయింపు" అని భావము తలక్రిందగును. ధర్మశాస్త్రమున నది రోమక ప్రతివాదియొక్క యుత్తరవిశేషము. మన స్మృతికారులు చెప్పిన ప్రత్యవస్కందనమునకుఁ జుట్టము. కాని యిది న్యాయాధిపతినిగూర్చినది గావున "అభ్యంతరము" అనుట చాలును. ఆ స్మృతియందే "కాపితల్ శత్రువు" అని కలదు. కాపితల్ శబ్దము మూలధనమును, రాజధానిని దెలుపునను జ్ఞానముతో దీనిని సాధింపఁజూడరాదు. తలవాచకమునుండి పుట్టిన యీ మాటకు మన "బద్ధవైరి" సరిపోవును.

మన ప్రాచీనులు ఈ విషయమునఁ గన్నులు మూసికొనియుండలేదు. సభ్యులు శత్రుమిత్రులయందు సములై యుండవలెనని యాజ్ఞవల్క్యుఁడు విధించినాఁడు. రాగముచేతనో లోభముచేతనో భయముచేతనో ధర్మమును దప్పిన సభ్యులకు వివాదమునఁ జెల్లవలసినదానికి రెట్టింపు దండము వేయుమనినాఁడు. దానిపై వెలసిన మితాక్షరను 13వ శతాబ్దమునఁ గేతన తెలుఁగున విజ్ఞానేశ్వరీయముగా రచించెను. ఆ వచనములలో నొకటి విచారణకు ముందుండవలసిన గుణమును, రెండవది తప్పు జరిగిన పిదపఁ బడవలసిన దండమును దెలుపుచున్నవి. ఈ రెంటి నడిమి ఘట్టము, అనఁగాఁ దప్పు జరుగకమున్నే, తప్పు చేయనివాఁడుగూడఁ బ్రక్కకుఁ దొలఁగుట, పోర్చుగీసు పరిభాష మనకిచ్చు నంశము. సముఁడగుట యొకటి, సముఁడుగాఁ గనఁబడుట మఱియొకటి. శంకాస్థితి రెండవదానిని గాపాడుచున్నది.

కావునఁ బ్రతిబంధము, శంకాస్థితి, నిరాకరణము, విముక్తిప్రార్థనము అను నాలుగు మాటలను విజ్ఞుల పరిశీలనమునకు సమర్పించుచున్నాను. ఇంతకంటె మేలైనవి దొరకినచో వీనిని విడిచిపెట్టవచ్చును. నాల్గింటి నొక్కటిగాఁ గలిపివేయుట మాత్రము తగదు; ఏలయన నా కలయికవలన నొకచో మర్యాదస్థుఁడు నిందితుఁడగును, వేఱొకచో హక్కుగలవాఁడు హక్కును గోలుపోవును.