ఇంటిపేరులును, పాతయిండ్లును
మన భాషలో వంశనామమునకు ఇంటిపేరనియే వ్యవహారము. ఇల్లు కూలినను పేరు నిలుచును. నేడు దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరులతో కలిసిపోయిన సరూర్‌నగరు, కొత్తపేట, కర్మన్‌ఘాటు, నాగోలు ఒకప్పుడు వేర్వేరు గ్రామములు. 1798లో మృతినొందిన ఫ్రెంచి సేనాని రేమండు సమాధికిని, 1885లో ఆస్మాన్‌జా కట్టించిన ఆస్మాన్‌గఢ్ సౌధమునకును చరిత్ర గలదు. నడుమ వాకిలి విడిచి, నలుదెసల వసారాలు దింపి మన పెద్దలు కట్టుకొనిన పెంకుటిండ్లకు వ్రాతలేదు. వానిలో పెక్కులు పడి, మేడలు లేచినవి.

కాపుల గోత్రములను, ఇంటిపేరులను పిచ్చుకుంట్లవారు తరతరములుగ పాడి నిలిపిరి. ఆ పాటలన్నియు కాగితమున కెక్కలేదు. 1954-55 ఖాస్రా పహాణీలలో నాటి పట్టాదారుల పేర్లు సర్వే సంఖ్యలతో గలవు. కావున ప్రతి కుటుంబమును ఆ పహాణీలు వెదకి, వృద్ధుల నడిగి, తమ గోత్రమును, తొలియూరును, పాతయింటి రూపమును నేడే వ్రాసియుంచవలెనని ప్రార్థించుచున్నారము.