మీ దరఖాస్తు ఎక్కడ ఆగింది? బొమ్మగా గీసిన ప్రక్రియ కంప్యూటర్‌లో ఎలా నడుస్తుందంటే..

ఆదాయ ధ్రువపత్రం కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశారు. నంబరు వచ్చింది. కానీ ఎప్పుడు చూసినా 'పరిశీలనలో ఉంది' అనే కనిపిస్తోంది. ఫైలు ఎవరి దగ్గరుంది? గడువు దాటితే ఏమవుతుంది? ఇలాంటి సేవల్లో ఫైలు ఏ దారిలో వెళ్లాలో ముందే నిర్ణయిస్తారు. ఆ దారిని మొదట బొమ్మగా గీసి, తర్వాత కంప్యూటర్ నడపగలిగే కోడ్‌గా మారుస్తారు. అందులో ఒక్క గీత మరిచిపోయినా మీ పని ఆగిపోవచ్చు.

బొమ్మలో ఏముంటుంది?

ఇందుకు ప్రపంచమంతా ఎక్కువగా వాడే పద్ధతి బీపీఎంఎన్. సన్నని అంచున్న వృత్తం అంటే ప్రక్రియ మొదలు, మందపాటి అంచుంటే ముగింపు. మూలలు గుండ్రంగా ఉన్న డబ్బా ఒక పని. డైమండ్ గుర్తు దగ్గర దారులు చీలుతాయి. దానిలో ఇంటూ గుర్తుంటే ఒక్క దారే తీసుకోవాలి, ప్లస్ గుర్తుంటే అన్ని దారులూ ఒకేసారి నడవాలి. దరఖాస్తుదారు, ఆర్‌ఐ, తహసీల్దార్.. ఇలా ఎవరి పని వారి వరుసలో కనిపిస్తుంది.

బొమ్మ కోడ్‌గా ఎలా మారుతుంది?

మొదట్లో ఈ బొమ్మలను బీపెల్ అనే మరో భాషలోకి మార్చేవారు. 'వివరాలు సరిపోలేదు, వెనక్కి పంపు' లాంటి వెనక్కి తిరిగే గీతలను అందులోకి మార్చడం కష్టమయ్యేది. మనుషులు చేసే పనులకూ ఆ భాషలో నేరుగా చోటు లేదు. 2011లో ఓఎంజీ సంస్థ బీపీఎంఎన్ 2.0 విడుదల చేయడంతో బొమ్మనే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా దాచుకునే వీలొచ్చింది. 2013లో ఇది ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది.

అయితే గీసిన బొమ్మ గీసినట్లే నడవదు. ప్రతి డబ్బాకూ వివరాలు చేర్చాలి. అది అధికారి చేసే పనా, కంప్యూటర్ తనంతట తాను చేసేదా? ఎవరి లాగిన్‌లో కనిపించాలి? ఏ ఫారం తెరుచుకోవాలి? 'అర్హత ఉంటే' అని బొమ్మలో రాస్తే సరిపోదు. ఆదాయం ఎంతలోపు ఉండాలో లెక్కగా రాయాలి. ఈ ఫైలును కాముండా, ఫ్లోయబుల్ లాంటి ఇంజిన్‌లో వేస్తే, ప్రతి దరఖాస్తు ఏ డబ్బా దగ్గరుందో అది డేటాబేస్‌లో గుర్తుపెట్టుకుంటుంది. సర్వర్ ఆగి మళ్లీ మొదలైనా ఫైలు అక్కడి నుంచే కదులుతుంది. కొన్ని ప్రభుత్వ వ్యవస్థల్లో బీపీఎంఎన్‌కు బదులు వేరే పద్ధతులు వాడినా సూత్రం ఇదే.

ఎక్కడ చిక్కుకుంటుంది?

• లేని దారి: 'రెండు లక్షల లోపు అయితే ఇటు, రెండు లక్షలు దాటితే అటు' అని రాశారనుకోండి. మీ ఆదాయం సరిగ్గా రెండు లక్షలైతే ఏ దారీ కుదరదు. ఇంజిన్ ఎర్రర్ చూపించి ఆగుతుంది.

• రాని నివేదిక కోసం ఎదురుచూపు: ఆర్‌ఐ, సర్వేయర్‌లలో ఒక్కరికే పంపి, చివర్లో ఇద్దరి నివేదికలూ రావాలని గీస్తే ఫైలు ఎప్పటికీ కదలదు. ఇందులో ఎర్రర్ కూడా కనిపించదు.

• గడియారం లేకపోవడం: గడువును బొమ్మలో టైమర్‌గా గీయాలి. గడువు దాటగానే పనిని తప్పించి పైఅధికారికి పంపే టైమర్ ఒకటి, పనిని ఆపకుండా గుర్తుచేసేది మరొకటి. ఏదీ గీయకపోతే గడువు నోటీసు బోర్డుకే పరిమితం.

• పాత బొమ్మ: నిబంధన మారి కొత్త బొమ్మ వేసినా, అప్పటికే నడుస్తున్న దరఖాస్తులు సాధారణంగా పాతదాని ప్రకారమే సాగుతాయి. వాటిని విడిగా కొత్తదానిలోకి మార్చాలి.

చట్టంలోని గడువు కోడ్‌లోకి వస్తే?

తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం మంచి ఉదాహరణ. సింగిల్ విండో కిందికి వచ్చే భవనాల దరఖాస్తులపై 21 రోజుల్లో నిర్ణయం తీసుకోకపోతే అనుమతి ఇచ్చినట్లే భావించాలని ఆ చట్టం చెబుతోంది. బొమ్మలో చెప్పాలంటే ఇది పరిశీలన డబ్బాకు తగిలించిన 21 రోజుల టైమర్. అధికారి స్పందించకపోయినా ఫైలుకు ముందుకెళ్లే దారి ఉంటుంది. అయితే లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందన్నది కూడా కోడ్‌లో స్పష్టంగా ఉండాలి.

మీరేం చేయొచ్చు?

దరఖాస్తు నంబరు, రసీదు దాచుకోండి. స్థితి మారిన ప్రతిసారీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. కార్యాలయానికి వెళ్తే 'ఎప్పుడొస్తుంది' అని కాకుండా 'ఇప్పుడు ఎవరి లాగిన్‌లో ఉంది, ఏ తేదీ నుంచి ఉంది' అని అడగండి. ఎవరి లాగిన్‌లోనూ కనిపించకపోతే అది సాఫ్ట్‌వేర్ సమస్య కావచ్చు. హెల్ప్‌డెస్క్‌లో ఫిర్యాదు నమోదు చేయించి ఆ నంబరు తీసుకోండి. అయినా కదలకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద మీ ఫైలు ఏయే తేదీల్లో ఎవరి దగ్గరుందో అడగొచ్చు. సాధారణంగా 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాలి.