తనను తానే తినే కణం, మన సుబ్బారావు గారి మందు

ఈసారి కాస్త పొడుగు. తీరిక చూసుకుని చదవండి. నేను బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరినాక స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దుకోండి.

మొన్న మన గ్రూపులో ఒక మెసేజి తిరిగింది. జపాను సైంటిస్టుకు 2016లో నోబెల్ వచ్చిందట, పస్తుంటే కేన్సర్ కణాలను ఒళ్ళే తినేస్తుందట, మన ఏకాదశి రహస్యం అదేనట. క్యాతగానచెర్లులో నాకు వరసకు వదిన ఒకావిడ బెంగళూరులో కీమో తీసుకుంటోంది. సోలార్ పలకలు వచ్చినాక మన ఊళ్ళో అందరి చేతిలో ఫోనే కదా, ఆమె కూడా చదివింది. చదివి రాత్రి సంగటి మానేసింది, తర్వాత పొద్దుటిదీ మానేసింది. బరువు తగ్గి, నీరసించి, తర్వాతి కీమో వాయిదా పడింది. అందుకే ఈ చరిత్ర రాస్తున్నా.

మెసేజిలో సగం నిజమే. బెల్జియంలో క్రిస్టియన్ డి డ్యూవ్ అనే ఆయన 1955లో కణంలో ఒక సంచిని కనిపెట్టాడు. పేరు లైసోజోమ్. లోపల పడిన దాన్ని అరిగించేస్తుంది. కణం తన పాత భాగాలనే ఆ సంచిలోకి పంపడం చూసి, 1963లో దానికి ఆటోఫజీ అని పేరు పెట్టాడు. గ్రీకులో తనను తాను తినడం అని అర్థం. మా రైల్వే లెక్కలో చెప్పాలంటే, కండెమ్ చేసిన బోగీని విప్పి, పనికొచ్చే ఇనుమును మళ్ళీ వాడుకోవడం.

ఆ విప్పే పని చేసే ప్రోటీన్లు ఏవో ముప్పై ఏళ్ళ దాకా తెలియలేదు. టోక్యోలో యోషినోరి ఓసుమి 43వ ఏట సొంత ల్యాబు పెట్టుకుని, మనం బ్రెడ్డులో వేసే ఈస్టును పస్తు పెట్టి మైక్రోస్కోపులో చూశాడు. సంచిలో చిన్న చిన్న మూటలు చేరడం కనబడింది. 1993 నాటికి ఆ పనికి అవసరమైన 15 జీన్లను పట్టుకున్నాడు. నోబెల్ వచ్చింది దీనికి. ఉపవాసం కేన్సర్‌ను కుదురుస్తుందని ఆ బహుమతిలో ఎక్కడా లేదు.

కేన్సర్ కథ 1999లో మొదలైంది. అమెరికాలో బెత్ లెవీన్ అనే డాక్టరమ్మ బెక్లిన్-1 అనే ప్రోటీన్ మీద పని చేసింది. ఈస్టులోని ఒక ఆటోఫజీ ప్రోటీన్‌కు మనిషిలో అది జోడు. రొమ్ము కేన్సర్ కణాల్లో అది తక్కువగా ఉంది. తిరిగి ఎక్కిస్తే ఆ కణాల పెరుగుదల మందగించింది. 2003లో ఎలుకల్లో ఆ జీన్ రెండు ప్రతుల్లో ఒకటి తీసేస్తే గడ్డలు ఎక్కువ వచ్చాయి. అంటే చెత్త ఎత్తకపోతే కణంలో చెడిన భాగాలు పోగై, డీఎన్ఏను దెబ్బ తీస్తాయి. ఇక్కడి దాకా ఆటోఫజీ కావలివాడే.

మెసేజి రాసినాయన ఇక్కడే ఆగిపోయాడు. గడ్డ ఒకసారి లేచాక లెక్క తిరగబడుతుంది. గడ్డ నడిమధ్య రక్తం సరిగా అందదు. ఆకలితో ఉన్న కేన్సర్ కణం తన చెత్తనే తిని బతుకుతుంది, కీమో దెబ్బను కూడా అలాగే తట్టుకుంటుంది. కొన్ని రకాల కేన్సర్లకు ఇదే ఆధారమని 2011లో తేలింది. అందుకే డాక్టర్లు కొన్ని పరీక్షల్లో ఆటోఫజీని పెంచడం కాదు, ఆపడానికి చూస్తున్నారు. దేనితో అంటారా, మన మలేరియా మాత్ర క్లోరోక్విన్ కుటుంబం మందుతోనే. ఫలితాలు ఇంకా అటూ ఇటూగానే ఉన్నాయి. బెక్లిన్ సంగతి మీద కూడా 2014లో పేచీ వచ్చింది: పక్కనే ఉన్న బీఆర్‌సీఏ-1 జీన్ పోతున్నప్పుడు ఇది కూడా దానితో పాటు పోతోందేమో అని.

తిండి ఇలా రెండు వైపులా తిరగడం మనవాళ్ళకు కొత్త కాదు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఫిస్కే అనే ఆయనతో కలిసి కణంలో ఏటీపీని వేరు చేశారు. అది కణానికి చిల్లర డబ్బు లాంటిది. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం తయారు చేసింది. రక్తహీనతకు అది ప్రాణం పోసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ కోవలోని మందులనే రక్త కేన్సర్ పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ఎగసింది. బలానికి ఇచ్చింది జబ్బుకు బలమైంది. అప్పుడు తిరగేసి ఆలోచించారు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు గారి బృందం పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనబడిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. ఆ గుణం కొన్నాళ్ళే నిలిచింది, అయినా అంతవరకు ఆ మాత్రం కూడా లేదు. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

ఇదంతా వదినకు ఒక సాయంత్రం కూర్చుని చెప్పాను. చివరిదాకా విని, మరి ఆ నోబెల్ ఆయన పస్తుంటాడా అని అడిగింది. నాకు తెలియదమ్మా, ఆయన ఈస్టును మాత్రం పెట్టాడు అన్నాను. నవ్వింది. కీమో డాక్టరు దగ్గర తిండి పట్టీ రాయించుకొచ్చాం. ఇప్పుడు పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం గుడ్డు, సంగటి. వచ్చే గురువారం మళ్ళీ బెంగళూరు పోవాలి. తెల్లారి నాలుగుకు కారు తీయగలిగిన తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే నాకు ఫోన్ చేయండి.